దారపు పోగుకు 750 గంటల చదువు: టెక్సాస్ పటేల్ కేసు

అమెరికాలో ప్రభుత్వం ప్రజల దైనందిన జీవితంలోకి మితిమీరి చొరబడుతోందని సంప్రదాయవాదులు చేసే ఫిర్యాదు మన దాకా ఎక్కువగా తుపాకులు, పన్నులు, ఆరోగ్య బీమా చుట్టూ తిరిగే రాజకీయ వాదంగానే చేరుతుంది. ఆ ఫిర్యాదులో అన్నిటికంటే బలమైనదని నేను భావించే భాగం మరొకటి ఉంది. ఒక మనిషి తనకు చేతనైన పని చేసి నాలుగు రాళ్లు సంపాదించుకోవడానికి ప్రభుత్వ అనుమతి ఎందుకు కావాలి, ఆ అనుమతికి పెట్టే షరతులకూ ఆ పనిలో ఉన్న ప్రమాదానికీ పొంతన ఉందా అన్నదే ఆ ప్రశ్న. టెక్సాస్‌లో చిన్న వ్యాపారాల లైసెన్సు వ్యవహారాలు చూసే న్యాయవాదిగా నా పనంతా ఈ ప్రశ్న చుట్టూనే నడుస్తుంది. దీనికి టెక్సాస్ సుప్రీంకోర్టు 2015 జూన్ 26న సూటిగా సమాధానం చెప్పింది. ఆ కేసులో వాదులు కనుబొమలకు త్రెడ్డింగ్ చేసేవారు, వారిని పనిలో పెట్టుకున్న సెలూన్ల యజమానులు. వారిలో ఒకరి ఇంటిపేరు మీద అది పటేల్ కేసుగా స్థిరపడింది. ఆ వ్యాజ్యంలో నాకు ఎలాంటి పాత్రా లేదు. కానీ నా కక్షిదారుల కోసం నేను అందరికంటే ముందు తెరిచే తీర్పు అదే కనుక, దాన్ని వృత్తిపరంగా ఇక్కడ పరిశీలిస్తున్నాను.

హైదరాబాదులోనో విజయవాడలోనో బ్యూటీ పార్లర్‌కు వెళ్లిన స్త్రీలెవరికీ త్రెడ్డింగ్ గురించి చెప్పనక్కర్లేదు. అయితే ఈ కేసు అర్థం కావాలంటే ఆ పనిని కాస్త దగ్గరగా చూడాలి. పనిచేసే మనిషి నూలు దారం కొసను పళ్ల మధ్య బిగబట్టి, మిగిలిన దారాన్ని రెండు చేతుల వేళ్లకు తగిలించి, మధ్యలో మెలికలు తిప్పి, ఆ మెలికను చర్మం మీద చకచకా జరుపుతూ అక్కర్లేని వెంట్రుకలను కుదుళ్లతో సహా లాగేస్తుంది. కుర్చీలో కూర్చున్న ఆమె ఒక చేత్తో కనురెప్పను కిందికి, మరో చేత్తో నుదుటిని పైకి లాగి చర్మాన్ని బిగువుగా పట్టుకుంటుంది. ఇందులో వేడి మైనం ఉండదు, రసాయనాలు ఉండవు, కత్తి ఉండదు, కరెంటుతో నడిచే యంత్రమూ ఉండదు. పని పూర్తయ్యాక ఆ దారం ముక్క చెత్తబుట్టలోకి పోతుంది. దక్షిణాసియాలోనూ మధ్యప్రాచ్యంలోనూ తల్లుల నుంచి, పిన్నమ్మల నుంచి, పార్లర్‌లో పక్క కుర్చీ దగ్గర పనిచేసే అమ్మాయి నుంచి చూసి నేర్చుకునే విద్య ఇది. అమెరికాకు వలస వచ్చిన స్త్రీలకు ఇంగ్లీషు అంతగా రాకపోయినా, చేతిలో డబ్బు లేకపోయినా మొదటి వారం నుంచే కూడు పెట్టగల పని ఇదొక్కటే అయిన కుటుంబాలు నాకు తెలుసు.

టెక్సాస్ సౌందర్య సేవల చట్టం ఈ పనిని పేరు పెట్టి ప్రస్తావించి నియంత్రించాలని పుట్టింది కాదు. శరీరం మీది అనవసరమైన వెంట్రుకలను తొలగించే పనులన్నీ ఆ చట్టం పరిధిలోకి వస్తాయి కనుక త్రెడ్డింగ్ కూడా అందులోదేనని రాష్ట్ర లైసెన్సింగ్ శాఖ తేల్చింది. 2008, 2009 ప్రాంతంలో తనిఖీ అధికారులు సెలూన్లకు వెళ్లి, లైసెన్సు లేకుండా పనిచేస్తున్నారని నోటీసులు ఇవ్వడం మొదలుపెట్టారు. చట్టం ప్రకారం ఒక్కో ఉల్లంఘనకు రోజుకు 5,000 డాలర్ల వరకు జరిమానా వేయవచ్చు. లైసెన్సు కావాలంటే అప్పట్లో రెండు దారులు ఉండేవి. మొదటిది 1,500 గంటల శిక్షణతో వచ్చే పూర్తి స్థాయి కాస్మెటాలజీ (అన్ని రకాల సౌందర్య సేవల) లైసెన్సు, రెండోది 750 గంటల శిక్షణతో వచ్చే ఎస్థెటీషియన్ (చర్మ సౌందర్య సేవల) లైసెన్సు. తక్కువదాన్నే ఎంచుకున్నా వారానికి 40 గంటల చొప్పున దాదాపు 19 వారాలు ఆదాయం లేకుండా బడికి వెళ్లాల్సి వచ్చేది. ఫీజు సుమారు 3,500 నుంచి 9,000 డాలర్ల దాకా అయ్యేది. ఆ తర్వాత రాత పరీక్ష, ప్రాక్టికల్ పరీక్ష కూడా రాయాల్సి ఉండేది.

ఈ కేసు మొత్తానికి ఆయువుపట్టు ఆ 750 గంటల పాఠ్య ప్రణాళికే. ముఖానికి చేసే చికిత్సలు, శుభ్రపరచడం, మాస్కులు వేయడం వంటి వాటికి 225 గంటలు కేటాయించారు. శరీర నిర్మాణ శాస్త్రానికి 90, విద్యుత్తు పరికరాలకు 75, మేకప్‌కు 75, రసాయన శాస్త్రానికి 50 గంటలు ఉండేవి. సుగంధ తైలాల చికిత్సకు 15 గంటలు, రంగుల మనస్తత్వ శాస్త్రానికి 10 గంటలు పెట్టారు. పరిశుభ్రత, భద్రత, ప్రథమ చికిత్సలకు దక్కినవి 40 గంటలు. వెంట్రుకల తొలగింపునకు దక్కినవి కేవలం 25 గంటలు, అందులోనూ త్రెడ్డింగ్ నేర్పి తీరాలన్న నియమం ఏ బడికీ ఉండేది కాదు. పరీక్షలోనూ త్రెడ్డింగ్ గురించి అడిగేవారు కాదు. అంటే పదేళ్లుగా దారం పట్టిన మనిషి తన పని గురించి ఒక్క పాఠమూ వినకుండా, ఎన్నడూ చేయబోని పనులను నెలల తరబడి నేర్చుకుని, తన పనిని పరీక్షించని పరీక్షలో ఉత్తీర్ణురాలై, ఆ తర్వాత తన పనికి లైసెన్సు తెచ్చుకోవాల్సి వచ్చేది. ఈ ఒక్క వాక్యాన్ని కాగితాలతో సహా న్యాయస్థానం ముందు రుజువు చేయగలగడమే వాదుల విజయానికి మూలం.

వ్యాజ్యం 2009 డిసెంబరులో ఆస్టిన్ నగరం ఉన్న ట్రావిస్ కౌంటీ కోర్టులో దాఖలైంది. వాదుల తరఫున ఇన్‌స్టిట్యూట్ ఫర్ జస్టిస్ అనే న్యాయ సహాయ సంస్థ నిలబడింది. 1991లో మొదలైన ఈ సంస్థ ఆర్థిక స్వేచ్ఛ, ఆస్తి హక్కుల వంటి విషయాలపై దేశమంతటా కేసులు నడుపుతుంది. వాదులు ఆధారపడింది ప్రధానంగా టెక్సాస్ రాజ్యాంగం మొదటి అధికరణంలోని 19వ సెక్షన్ మీద. చట్టం నిర్దేశించిన సక్రమ మార్గంలో తప్ప ఏ పౌరుడి ప్రాణాన్నీ, స్వేచ్ఛనూ, ఆస్తినీ, హక్కులనూ హరించరాదని ఆ సెక్షన్ చెబుతుంది. ఫెడరల్ రాజ్యాంగాన్ని కాకుండా రాష్ట్ర రాజ్యాంగాన్ని పట్టుకోవడం ఈ కేసులో తీసుకున్న అతి ముఖ్యమైన నిర్ణయమని నా అభిప్రాయం. దాని వెనుక ఉన్న కారణాన్ని కాస్త వివరించాలి.

ఆర్థిక నియంత్రణల విషయంలో ఫెడరల్ కోర్టులు 1937 నుంచి దాదాపు చేతులు ముడుచుకుని కూర్చున్నాయి. దీనికి పరాకాష్ఠ 1955 నాటి లీ ఆప్టికల్ కేసు. కళ్లజోళ్ల దుకాణదారు పగిలిన అద్దానికి బదులు మరో అద్దం అమర్చాలన్నా కంటి వైద్యుని చీటీ ఉండాలని ఓక్లహోమా రాష్ట్రం చట్టం చేస్తే, ఆ చట్టం అనవసరమే కావచ్చు గానీ శాసనసభ మనసులో ఏదో ఒక సహేతుక కారణం ఉండి ఉండవచ్చునంటూ సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. అప్పటి నుంచి ఇలాంటి కేసుల్లో ప్రభుత్వం కారణాన్ని నిరూపించనక్కర్లేదు, ఊహించగలిగితే చాలు. కొన్ని సందర్భాల్లో ఆ ఊహను న్యాయమూర్తులే ప్రభుత్వం తరఫున అల్లిపెట్టారు. భారత రాజ్యాంగంలోని 19(1)(జి) అధికరణం వృత్తి స్వేచ్ఛను నేరుగా హామీ ఇచ్చి, దానిపై పెట్టే ఆంక్షలు సమంజసంగా ఉండాలని 19(6)లో షరతు పెట్టిందని చదువుకున్న మనకు, అమెరికా రాజ్యాంగంలో అలాంటి వాక్యమే లేదంటే మొదట నమ్మబుద్ధి కాదు.

కింది కోర్టు ప్రభుత్వం పక్షాన తీర్పు ఇచ్చింది, 2012లో అప్పీలు కోర్టు దాన్నే సమర్థించింది. రాష్ట్ర సుప్రీంకోర్టు 2013 ఫిబ్రవరి చివర్లో వాదనలు విని, రెండేళ్లకు పైగా ఆలోచించి, 6–3 ఆధిక్యంతో ఆ రెండు తీర్పులనూ తోసిపుచ్చింది. మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ ఫిల్ జాన్సన్ ఒక కొత్త పరీక్షను నిర్దేశించారు. చట్టం ఉద్దేశానికీ న్యాయమైన ప్రభుత్వ ప్రయోజనానికీ సహేతుకమైన సంబంధం ఉందని వాదించడానికి కూడా వీల్లేకపోతే ఆ చట్టం చెల్లదు. ఉద్దేశం మంచిదే అయినా, ఈ వాదుల విషయంలో అది వాస్తవంగా చూపే ప్రభావానికీ ఆ ప్రయోజనానికీ సంబంధం లేకపోయినా, లేదా ఆ ప్రయోజనంతో పోల్చి చూస్తే మోయలేని భారంగా మారి అణచివేతకు దారితీసినా, వారికి అది వర్తించదు. నా వంటి న్యాయవాదికి ఇందులో బంగారం లాంటి మాట ‘వాస్తవ ప్రభావం’. ప్రభుత్వం ఊహించిన కారణాన్ని దాటి, నేల మీద ఏం జరుగుతోందో సాక్ష్యాలతో చూపించడానికి ఆ మాటతోనే తలుపు తెరుచుకుంది.

ఆ సాక్ష్యాలను వాదులు ఎలా కూర్చారో చూస్తే ఏ న్యాయవాదికైనా పనికివస్తుంది. త్రెడ్డింగ్‌లో ప్రమాదమే లేదని వారు మొండికేయలేదు. దారం శుభ్రంగా లేకపోతే, చేతులు కడుక్కోకపోతే ఒకరి నుంచి మరొకరికి చర్మ వ్యాధులు, కండ్లకలక వంటివి అంటుకునే అవకాశం ఉందని రాష్ట్రం తరఫు నిపుణులు చెప్పారు. ఆ మాటలో నిజం ఉంది. కాబట్టి పరిశుభ్రతకు సంబంధించిన 40 గంటల శిక్షణను వాదులు అభ్యంతరం లేకుండా వదిలేసి, మిగిలిన 710 గంటల మీదే గురిపెట్టారు. పాఠ్య ప్రణాళికను గంట గంటకూ విప్పి, దేనికి దేనితో సంబంధం ఉందో చెప్పమని ప్రభుత్వాన్ని నిలదీశారు. చివరకు 320 గంటలకు త్రెడ్డింగ్‌తో సంబంధం లేదని రాష్ట్రం తానే ఒప్పుకుంది. అంటే ప్రభుత్వం లెక్క ప్రకారమే 42 శాతానికి పైగా శిక్షణ ఈ పనికి అక్కర్లేనిదని తేలింది. ఎదుటి పక్షం నోటి నుంచి వచ్చిన ఆ అంకె మీదే తీర్పు నిలబడింది. వాదులు చెప్పిన 95 శాతం నిజమా, ప్రభుత్వం ఒప్పుకున్న 42 శాతం నిజమా అని న్యాయస్థానం తేల్చాల్సిన అవసరమే రాలేదు. నియంత్రణే ఉండకూడదని వాదించి ఉంటే ఈ కేసు ఓడిపోయేదని నేను నమ్ముతున్నాను.

సంప్రదాయవాదుల దృష్టిలో ఈ కేసు ఎందుకంత ఆసక్తికరమో ఇప్పుడు చెప్పాలి. టెక్సాస్‌లో న్యాయమూర్తులు పార్టీ గుర్తుల మీద ఎన్నికవుతారు. ఆ తొమ్మిది మందీ రిపబ్లికన్లే. ఈ లైసెన్సు నిబంధనలను సంవత్సరాల తరబడి సమర్థించిన అటార్నీ జనరల్ కార్యాలయానికి అప్పట్లో అధిపతి, తర్వాత గవర్నరైన గ్రెగ్ అబాట్. ఫెడరల్ ప్రభుత్వ అతి జోక్యం మీద వరుసగా దావాలు వేసిన నాయకుడాయన. అంటే సర్కారు పెత్తనాన్ని వ్యతిరేకించే పార్టీ చేతిలో ఉన్న రాష్ట్రమే ఒక దారపు పోగు మీద పెత్తనం చేసింది, దాన్ని సమర్థించుకుంది. తీర్పు కూడా సంప్రదాయవాదుల మధ్యే చీలిపోయింది.

మెజారిటీతో ఏకీభవిస్తూ జస్టిస్ డాన్ విలెట్ విడిగా సుదీర్ఘమైన తీర్పు రాశారు. ఈయనను తర్వాత 2017లో ట్రంప్ ఫెడరల్ అప్పీలు కోర్టుకు నియమించారు. సొంత శ్రమతో బతకడం మనిషి స్వేచ్ఛలో విడదీయరాని భాగమని, ఆ స్వేచ్ఛను హరించే చట్టం ఎదుట న్యాయస్థానం తల ఊపుతూ కూర్చోవడం వినయం అనిపించుకోదని, అది బాధ్యతను వదిలేయడమేనని ఆయన వాదన. నూటికి దాదాపు ఐదుగురు ఉద్యోగులకు మాత్రమే లైసెన్సు అవసరమైన 1950ల నాటి అమెరికా ఎంత మారిపోయిందో కూడా ఆయన గుర్తు చేశారు. ఈ విషయంలో డెమొక్రాట్లకు భిన్నాభిప్రాయం లేదు. సరిగ్గా ఆ మరుసటి నెలలో, 2015 జులైలో, ఒబామా అధ్యక్ష భవనం విడుదల చేసిన నివేదిక దేశంలో పావు వంతుకు పైగా కార్మికులకు ఇప్పుడు లైసెన్సు కావలసి వస్తోందని, 1950ల నుంచి ఈ వాటా ఐదింతలు పెరిగిందని చెప్పింది.

వ్యతిరేక తీర్పు రాసిన అప్పటి ప్రధాన న్యాయమూర్తి నేథన్ హెక్ట్ వాదనను తేలిగ్గా కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. శిక్షణ గంటలు ఎన్ని ఉండాలో తూకం వేయడం ఎన్నికైన శాసనసభ పని. న్యాయమూర్తులు ఆ తక్కెడ చేతిలోకి తీసుకుంటే, 1905 నాటి లాక్నర్ తీర్పు దారిలోకి మళ్లీ జారిపోతామని ఆయన భయం. బేకరీ కార్మికుల పని వేళలను వారానికి 60 గంటలకు పరిమితం చేసిన న్యూయార్క్ చట్టాన్ని ఆ తీర్పులో సుప్రీంకోర్టు కొట్టేసింది. తర్వాత మూడు దశాబ్దాల పాటు కార్మిక రక్షణ చట్టాలకు అదే నీడగా వెంటాడింది. న్యాయస్థానాల అధికార పరిధిని కట్టడి చేయడం కూడా సంప్రదాయవాద సూత్రమే కాబట్టి హెక్ట్ వైఖరిలో వైరుధ్యం లేదు. పెత్తనం చేసేది శాసనసభ అయితే దాన్ని ఆపవలసింది ఓటరా, న్యాయమూర్తా అన్న చోటే ఆ తొమ్మిది మందీ విడిపోయారు.

నేను మెజారిటీ వైపే నిలబడతాను. దానికి కారణం నా వృత్తి అనుభవంలోనే ఉంది. లైసెన్సు నిబంధనల వల్ల లాభపడేవారు కొద్దిమందే అయినా సంఘటితంగా ఉంటారు. అప్పటికే లైసెన్సు తెచ్చుకున్నవారికి పోటీ తగ్గుతుంది, శిక్షణ బడులకు ఫీజులు వస్తాయి, వారి ప్రతినిధులు ప్రతి శాసనసభ సమావేశానికీ హాజరవుతారు. నష్టపోయేవారు చెల్లాచెదురుగా ఉంటారు. వారిలో చాలామందికి ఇంకా ఓటు హక్కే రాలేదు. కుర్చీ పక్కన రోజంతా నిలబడి పనిచేసే ఆ స్త్రీ ఆస్టిన్‌కు వెళ్లి కమిటీ ముందు సాక్ష్యం చెప్పే రోజు ఎన్నటికీ రాదు. ఓటుతో సరిచేసుకోమని ఆమెకు చెప్పడం నాకు న్యాయంగా తోచదు. శాసనసభ తలచుకుంటే పొంతన ఉన్న నిబంధన పెట్టగలదనడానికి అదే చట్టంలో రుజువు ఉంది. జడలల్లేవారి కోసం 2007లో 35 గంటల ప్రత్యేక ధ్రువపత్రం ఏర్పాటు చేశారు. అంతకు పదేళ్ల ముందు, 1997లో, డాలస్‌లో లైసెన్సు లేకుండా జడలల్లుతోందని ఒక నల్లజాతి మహిళను అరెస్టు చేసి బేడీలు వేసిన తర్వాత గానీ ఆ మార్పు రాలేదు. ఆ తర్వాత కూడా, జడలల్లడం నేర్పే బడి పెట్టుకోవాలంటే మంగలి కుర్చీలు పది ఉండాలని, రెండు వేల చదరపు అడుగుల స్థలం ఉండాలని రాష్ట్రం పట్టుబట్టింది. ఫెడరల్ కోర్టు 2015 జనవరిలో ఆ నిబంధనలను కొట్టేశాక, అదే ఏడాది శాసనసభ జడల పనిని నియంత్రణ నుంచే తప్పించింది. కోర్టు కదిలించాక శాసనసభ కదిలిందన్నది గమనించాలి.

పటేల్ తీర్పుకు ముందే పొరుగు రాష్ట్రంలో ఒక దారి ఏర్పడి ఉంది. లూసియానాలోని కోవింగ్టన్ దగ్గర బెనెడిక్టైన్ (క్యాథలిక్ క్రైస్తవ) సన్యాసుల మఠానికి ఉన్న అడవిని 2005లో కత్రినా తుపాను నాశనం చేసింది. ఆ నష్టం పూడ్చుకోవడానికి వారు తమ సంప్రదాయ పద్ధతిలో చేసే చెక్క శవపేటికలను అమ్మబోతే, అంత్యక్రియల నిర్వాహకుల లైసెన్సు లేదని రాష్ట్ర బోర్డు అడ్డుపడింది. ఒక వర్గాన్ని పోటీ నుంచి కాపాడటమే లక్ష్యమైన నిబంధనకు న్యాయమైన ప్రభుత్వ ప్రయోజనం ఉందని ఒప్పుకోలేమని 2013లో ఫెడరల్ అప్పీలు కోర్టుల్లో ఒకటైన ఐదో సర్క్యూట్ కోర్టు తేల్చింది. ఇందుకు భిన్నంగా పదో సర్క్యూట్ కోర్టు 2004లోనే, ఓక్లహోమా నుంచి వచ్చిన ఇలాంటి శవపేటికల కేసులో, స్థానిక వ్యాపారానికి మేలు చేయడం కూడా న్యాయమైన ప్రయోజనమేనని చెప్పి ఉంది. ఈ విభేదాన్ని అమెరికా సుప్రీంకోర్టు ఇంతవరకు తేల్చలేదు. అందుకే రాష్ట్ర రాజ్యాంగాల దారి మరింత విలువైనది అయింది. జార్జియా సుప్రీంకోర్టు 2023లో, తల్లిపాలు ఇవ్వడంలో బాలింతలకు సలహాలిచ్చే నిపుణులకు పెట్టిన లైసెన్సు చట్టాన్ని ఆ రాష్ట్ర రాజ్యాంగం ఆధారంగానే ఏకగ్రీవంగా కొట్టేసింది.

పటేల్ తీర్పుకు హద్దులున్నాయి, వాటిని కక్షిదారులకు మొదటి రోజే చెప్పడం నా పద్ధతి. ఆ తీర్పు సౌందర్య సేవల చట్టాన్ని పూర్తిగా కొట్టేయలేదు. త్రెడ్డింగ్ చేసేవారికి ఆ నిబంధనలు వర్తించవని మాత్రమే చెప్పింది. ముఖానికి రసాయనాలు పూసే పనికో, మైనంతో వెంట్రుకలు తీసే పనికో అది రక్షణ ఇవ్వదు. అదే సెలూన్‌లో త్రెడ్డింగ్‌తో పాటు ఫేషియల్ కూడా చేస్తే లైసెన్సు ఉండి తీరాలి, ఇక్కడ పొరపాటు పడేవారు చాలామంది. 2022లో టెక్సాస్ సుప్రీంకోర్టు హద్దును మరింత స్పష్టం చేసింది. పొగతాగడానికి పనికివచ్చే హెంప్ (మత్తు తక్కువగా ఉండే గంజాయి జాతి మొక్క) ఉత్పత్తుల తయారీపై 2019లో పెట్టిన నిషేధాన్ని కంపెనీలు సవాలు చేస్తే, గంజాయి జాతి మొక్కలను నిషేధించిన సుదీర్ఘ చరిత్ర ఉన్నందున ఆ తయారీ హక్కుకు 19వ సెక్షన్ రక్షణే లేదని చెప్పి, పటేల్ పరీక్ష దాకా వెళ్లనే లేదు. అంటే ఇప్పుడు వాదికి రెండు గడపలున్నాయి: తాను చేస్తున్నది తరతరాలుగా చట్టబద్ధంగా సాగుతున్న మామూలు వృత్తేనని మొదట చూపాలి, ఆ తర్వాతే నిబంధన భారం గురించి మాట్లాడాలి.

కాబట్టి కొత్త కక్షిదారు వచ్చినప్పుడు నేను మొదట చట్టం అడగను, పని అడుగుతాను. చేతిలో ఏ పరికరం ఉంటుంది, చర్మానికి ఏం తగులుతుంది, ఒకరికి వాడింది మరొకరికి వాడతారా, ఈ పని ఎవరి దగ్గర ఎన్నేళ్లు నేర్చుకున్నారు అన్నవన్నీ రాసుకుంటాను. ఆ తర్వాత రాష్ట్రం నిర్దేశించిన పాఠ్య ప్రణాళికను పక్కన పెట్టుకుని, ఒక్కో అంశం ఎదురుగా ఆ పనిలో దాని అవసరం ఎంతో కక్షిదారు చేతే చెప్పిస్తాను. పరిశుభ్రతకు సంబంధించిన గంటలు ఎంత తక్కువైనా వాటిని వదులుకోవద్దని, అవసరమైతే అంతకంటే ఎక్కువ శిక్షణ సొంతంగా తీసుకుని ధ్రువపత్రం తెచ్చుకోమని చెబుతాను. ఆ కాగితం కూడా నోటీసుకు ఇచ్చే మొదటి జవాబుతో పాటే శాఖకు వెళ్తుంది.